రెండు వాసనల కుక్క తులసి

1999 జూన్‌లో నన్ను హైదరాబాదులోని ప్రధాన ప్రయోగశాల నుంచి నల్లమాడ దగ్గర ఉన్న క్షేత్ర ఉపకేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. శాస్త్రవేత్తలకు ఒక మెట్టు కింద, ల్యాబ్ అటెండర్లకు ఒక మెట్టు పైన ఉండే ఉద్యోగం అది. పై మెట్టు ఎక్కాలంటే కొన్నేళ్లకోసారి జరిగే అసెస్‌మెంట్‌లో నెగ్గాలి. అందుకు సొంతంగా చేసిన పని ఏదో ఒకటి కాగితం మీద చూపించాలి. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చేసిన వాటిలో సగం దీని కోసమే చేశాను.

ఉపకేంద్రం అంటే ఎర్రనేలలో పది ఎకరాల కంచె, అందులో రెండు గదుల ఆఫీసు, ఒక రేకుల షెడ్డు. వానను నమ్ముకుని వేరుశనగ వేసి నష్టపోతున్న రైతులకు నిమ్మగడ్డి, కామాక్షి గడ్డి వంటి వాసన గడ్డి జాతులు అలవాటు చేయడం మా ప్రధాన కార్యక్రమం. షెడ్డులో ఆవిరి బట్టీ ఉండేది. కోసిన గడ్డిని కొంచెం వాడనిచ్చి, పెద్ద పాత్రలో కుక్కి, కింది నుంచి ఆవిరి పంపుతాం. ఆవిరి ఆకులోని నూనెను వెంట తీసుకుని గొట్టం గుండా చల్లటి నీళ్ల తొట్టిలోకి వస్తుంది, అక్కడ మళ్లీ నీరవుతుంది. నూనె ఆ నీటి మీద తేలుతుంది. దాన్ని వేరు చేసి సీసాలకు పడతాం. బండెడు ఆకుకు వచ్చేది చిన్న సీసాడు నూనె. ఆ సీసాలో ఉండేది ఒకే పదార్థం అనుకుంటారు చాలామంది. నిజానికి అది పదుల కొద్దీ సమ్మేళనాల కలగలుపు. వాటిలో ఏది ఎంత ఉందో తెలిస్తేనే ఆ నూనె సబ్బుకు పనికొస్తుందా, అత్తరుకా, మందుకా అన్నది తేలుతుంది.

బట్టీ నడిపేది మౌలాలి అనే అటెండరు. నాకంటే పదేళ్లు పెద్ద. గొట్టం చివర నిలబడి గాలి పీల్చి, పాత్రలో నూనె అయిపోయిందో లేదో చెప్పేవాడు. నేను గడియారం చూసి చెప్పేవాణ్ని. ఎక్కువసార్లు అతనిదే నిజమయ్యేది.

ఆ ఏడాది ప్రధాన కార్యాలయం మాకు ఇంకో పని కూడా పెట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకూ పశువులకూ మందుగా వాడే వాసన మొక్కల సర్వే. దానికి అచ్చు వేసిన ఫారం ఉండేది. స్థానిక నామం, శాస్త్రీయ నామం, వాడే భాగం, ఉపయోగం, సేకరించిన చోటు. ఐదు గళ్లు. నెలకు ఇన్ని ఫారాలు పంపాలని లెక్క. నేను లెక్కకు మించి పంపేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే, చెప్పేవాళ్ల మాట పూర్తికాకముందే తర్వాతి ఫారం తీసేవాణ్ని.

ఆగస్టులో మా కంచెను ఆనుకున్న బీడులో ఒక గొర్రెల మంద దిగింది. ఎరువు కోసం రైతులు తమ పొలాల్లో మందలు ఆపించుకోవడం అక్కడి పద్ధతి. మంద యజమాని కదిరప్ప, అతని భార్య ఓబులమ్మ. నూటికి పైచిలుకు జీవాలు. గొర్రెలనూ మేకలనూ అక్కడ జీవాలనే అంటారు. ఇద్దరూ యాభై దాటినవాళ్లు. నేను ఫారాల కట్ట పట్టుకుని వెళ్లేసరికి ఓబులమ్మ ఒక పొట్టేలును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని ముందుకాలి గిట్టల సందులో నలిపిన ఆకు కుక్కుతోంది. పుండులో పురుగులు మెసులుతున్నాయి.

ఆమె నాతో మాట్లాడలేదు. నా వెనకున్న మౌలాలిని అడిగింది.

“ఏమప్పా మౌలాలీ, మీ సారు జీవాలు కొంటాడా, ఊరికే సూస్తాండాడా?”

“కొనేదేం లేదక్కా. రాసుకుంటాడు.”

“రాసుకుంటే పురుగులు రాలతాయంటనా?”

అది ఏ ఆకు అని అడిగాను. “కుక్క తులసి సార్. మీ కంచె ఎనక కాలవ పొడుగునా ఉండాది కదా, అది కాదు. గుట్ట మీంద రాళ్లల్లో ఉండేది” అంది.

కుక్క తులసి మెట్ట పొలాల్లో కలుపుగా మొలిచే చిన్న మొక్క. నేను కాలువ దగ్గరికి వెళ్లి ఒక మొక్క పీకి తెచ్చి, ఆమె ఒళ్లో ఉన్న రెమ్మ పక్కన పెట్టాను. ఆకు అంచు, కాండం మీది నూగు, పూల కంకి అన్నీ ఒకటే. రెండూ ఒకే మొక్క అమ్మా అని చెప్పాను.

“ఒగటే అయితే వాసన రెండు రకాలెట్లయితాది?”

తన రెమ్మను నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరం వాసన. నేను తెచ్చిన రెమ్మను నలిపింది. నిమ్మతొక్క వాసన. “ఇది పుండుకు పనికిరాదు. మందలో ఈగలు ముసిరితే పొగేస్తాం, అంతే. ఆకు సూడొద్దు సార్, వాసన సూడు” అంది.

నేలను బట్టి వాసన కొంచెం మారుతుంది, మొక్క మాత్రం ఒకటేనని మళ్లీ చెప్పాను. ఆమె మిగిలిన ఆకును రాతి మీద నూరి, చిన్న డబ్బాలోంచి కానుగ నూనె పోసి కలిపింది. ఆకు చాలదా, నూనె ఎందుకని అడిగాను.

“లేకుంటే మండదా సార్? నీ కాలికి పుండయితే దాని మీంద సున్నం పూస్తే ఊరికే కూసుంటావా?”

గొంగడి పరుచుకుని కూర్చున్న కదిరప్ప నవ్వి, “సారుకు బూట్లుండాయి. ఆయప్పకు పుండ్లు యాడ అయితాయి?” అన్నాడు.

నిలబడే ఫారం నింపాను. స్థానిక నామం కుక్క తులసి. వాడే భాగం ఆకు. ఉపయోగం గొర్రెల గిట్టల పుండ్లు, పురుగులు. మౌలాలి నా భుజం మీదుగా చూశాడు.

“వాసనకు గడి లేదా సార్?”

“లేదు.”

“మంటకు?”

“అదీ లేదు” అని ఫారం మడిచి సంచిలో పెట్టాను.

మా దగ్గర నమూనా తీసే నిబంధన ఒకటుంది. ఒకే జాతి మొక్కను వేర్వేరు చోట్ల నుంచి సేకరించి, అన్నీ కలిపి ఒక్క నమూనాగా బట్టీలో వేయాలి. ఏదో ఒక చోటి ప్రత్యేకతను మొత్తం జాతికి అంటగట్టకుండా ఉండటానికి పెట్టిన నిబంధన. అది మంచిదే. నేను దాన్ని పాటించాను కూడా. కాకపోతే గుట్ట దూరం, ఎండ ఎక్కువ. కూలీలు గుట్ట మీది నుంచి ఒక చిన్న మూట, కాలువ పక్క నుంచి ఆరు గోతాలు తెచ్చారు. నమూనా చీటీలో ఎన్ని చోట్ల అన్న గడిలో ‘రెండు’ అని రాశాను. ఎక్కడి నుంచి ఎంత అన్నది రాయలేదు. అన్నీ ఒకే పాత్రలో వేయించాను. మౌలాలి మూట విడిగా పెడదామా అని అడిగినట్టు గుర్తు. పెద్దగా వినలేదు.

నూనెలో సగం హైదరాబాదు పంపాను. అక్కడ రెండు పరీక్షలు చేస్తారు. మొదటిది గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంతో. నూనెను ఆవిరిగా మార్చి సన్నటి పొడవాటి గొట్టంలోకి పంపితే అందులోని సమ్మేళనాలు ఒక్కొక్కటే వేర్వేరు సమయాల్లో బయటికి వస్తాయి. కాగితం మీద ఒక్కొక్కదానికి ఒక్కో శిఖరం గీస్తుంది యంత్రం. శిఖరం ఎంత పెద్దదైతే ఆ సమ్మేళనం అంత ఎక్కువ. మా నూనెలో అన్నిటికంటే పెద్ద శిఖరం సిట్రాల్‌ది. నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చే పదార్థమే అది. పక్కన ఎక్కడో కర్పూరానికి ఒక చిన్న గుట్ట. రెండో పరీక్ష గాజు పళ్లెంలో. పుండ్లలో చీము పుట్టించే సూక్ష్మజీవులను పళ్లెంలో పెంచి, నూనెలో ముంచిన కాగితపు బిళ్ల మధ్యలో పెడతారు. బిళ్ల చుట్టూ సూక్ష్మజీవులు చచ్చి ఖాళీ వలయం ఏర్పడితే నూనెకు గుణం ఉన్నట్టు. మా నూనెకు వెడల్పయిన వలయం వచ్చింది.

ఆ కాగితాలు చేరిన రోజు నేను సంతోషించాను. అసెస్‌మెంట్‌కు చూపించే పని దొరికిందనుకున్నాను. గాజు పళ్లేనికి చర్మం ఉండదు, దానికి మంట తెలియదు అన్న ఆలోచన రాలేదు. మిగిలిన నూనెను ముదురురంగు సీసాలో పోసి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టాను. కరెంటు రోజులో సగం ఉండేది కాదు. వేడికీ గాలికీ పాతబడిన కొద్దీ ఇలాంటి నూనెలు చర్మాన్ని ఎక్కువగా రేపుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినవన్నీ సమయానికి గుర్తు రాకపోవడం ఒక తప్పు. గుర్తు చేసుకోవడం ఇష్టం లేకపోవడం ఇంకో తప్పు. నాది రెండోది.

2000లో ముందు వానలు పడలేదు. వేరుశనగ మొలకలోనే ఎండింది. మేత లేదు. అలాంటి ఏడాది గొర్రెల కాపరులు మందలను ఉత్తరంగా తుంగభద్ర కాలువల కిందికి తోలుకుపోతారు. ఒక్క మందగా ఎవరూ పోరు. నాలుగైదు మందలు జట్టుగా కదులుతాయి. దారిలో దొంగల భయం ఉంటుంది, అక్కడి రైతులతో మేత మాట్లాడుకోవడానికి నలుగురు కావాలి, రోజుకు ఇంత దూరమని నడక ఉంటుంది. కుంటే జీవాల కోసం జట్టు ఆగదు. ఆ ఏడు కదిరప్ప జట్టు దసరా తర్వాతి శనివారం బయలుదేరాలని అనుకున్నారు.

సరిగ్గా ఆ ముందు ఐదారు రోజులు విడవకుండా వాన కురిసింది. పంటకు పనికిరాని వాన. మందలు బురదలో నిలబడ్డాయి. కదిరప్ప మందలో పద్దెనిమిది జీవాలకు గిట్టల సందున పుండ్లు లేచి, వెంటనే పురుగులు పట్టాయి. మంగళవారం పొద్దున భార్యాభర్తలిద్దరూ మా ఆఫీసుకు వచ్చారు. నా దగ్గరికి కాదు, మౌలాలి దగ్గరికి. షెడ్డులో ఎక్కడైనా ఎండిన గుట్ట ఆకు మిగిలిందేమోనని. గుట్ట మీద ఆ ఏడు ఎండకు మొక్కలన్నీ మాడిపోయాయి, కొత్తవి ఇంకా వేలెడు కూడా లేవలేదు.

నేనే లోపలికి పిలిచాను. సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఇది మీ ఆకు సారమే, ఆకు కంటే ఎన్నో రెట్లు బలమైనది, హైదరాబాదులో పరీక్ష కూడా చేయించాం అని చెప్పాను. ఓబులమ్మ మూత తీసి వాసన చూసింది.

“ఇది నిమ్మకాయ వాసన సార్. ఇది పుండుకు కాదు.”

నేను పళ్లెం పరీక్ష గురించి వివరించాను. ఆమె విన్నది. తర్వాత, “కానుగ నూనె కలపల్లా?” అని అడిగింది.

వద్దన్నాను. కలిపితే బలం తగ్గుతుందన్నాను. ఆ మాట నేను అన్నదే. ఎవరో చెప్పగా అన్నది కాదు, ఏ పుస్తకంలోనూ లేదు. పలుచన చేయకుండా ఏ సుగంధ నూనెనూ పచ్చి పుండు మీద పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి ఏడాది నేర్చుకునే విషయం.

ఓబులమ్మ మొగుడి వైపు చూసింది. “శనివారానికి నడవల్ల గదా. సారు సదువుకున్నోడు, పూద్దాం పా” అన్నాడు కదిరప్ప.

ఆ మధ్యాహ్నం నేనే దగ్గరుండి పూయించాను. దూదిని నూనెలో ముంచి పుండులో పెట్టించాను. మొదటి గొర్రె గింజుకున్న తీరుకే ఆపాల్సింది. పురుగులు రాలుతున్నాయి కదా అనుకున్నాను. నిజంగానే కొన్ని రాలాయి. పద్దెనిమిదింటికీ పూర్తిచేయించాను. బుధవారానికి గిట్టల పైదాకా వాచింది. గురువారం పొద్దునకు చర్మం పొరలుగా లేచి పచ్చి మాంసం కనిపించింది. ఒక్కటీ కాలు నేలకు ఆనించలేదు. పచ్చి పుండ్ల మీద మళ్లీ ఈగలు వాలాయి.

గురువారం మధ్యాహ్నం మండల పశువైద్యశాల నుంచి, ఊళ్లో డాక్టరనే పిలిచే ఒక సహాయకుణ్ని మౌలాలి సైకిల్ మీద వెళ్లి పిలుచుకొచ్చాడు. అతను మంచి పనివాడు. పుండ్లు కడిగి, మలాం పూసి, సూదులు వేసి, ఆ తర్వాత అడిగాడు.

“ఏం పూసినారు దీనికి? ఎవరు పూసినారు?”

నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. ఓబులమ్మ నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, నేను నోరు తెరవడానికి సరిపడేంత సేపు మాత్రం చూసింది. నేను తెరవలేదు. మౌలాలి తల దించుకుని సైకిల్ గొలుసు సరిచేయడం మొదలుపెట్టాడు.

“ఏందో ఆకు పసరు పూసినా సార్” అంది ఓబులమ్మ.

“మీ నాటు వైద్యంతో జీవాలను సంపుతారు మీరు. ఆసుపత్రి ఉండాది గదా. ఊళ్లో పదిమంది జీవాలకు ఇదే పూస్తాండావంట నువ్వు. ఇంగ మానుకో.”

జట్టులోని మిగతా మందల వాళ్లు నలుగురు అక్కడే ఉన్నారు. వాళ్లందరి ముందే ఈ మాటలు జరిగాయి.

శనివారం జట్టు కదిలిపోయింది. కుంటివాటిని వదిలి పోలేక కదిరప్ప మంద మొత్తం బీడులోనే మిగిలింది. నడవలేని వాటిలో కొన్నిటిని కటికవాళ్లకు ఇచ్చేశాడు. మిగిలినవి చలికాలంలో మేత లేక ఒకటొకటే పోయాయి. వేసవి వచ్చేసరికి అతను ఇంకొకరి మందకు జీతానికి కుదిరాడు. సొంత మంద ఉన్న మనిషికి అది ఎలాంటి దిగుడో అక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు.

ఆ అర్ధసంవత్సర నివేదికలో క్షేత్ర పరీక్ష గురించి ఒక వాక్యం రాశాను. ‘మంద తరలింపు కారణంగా పరిశీలన కొనసాగలేదు, ఫలితాలు అసంపూర్ణం.’ కదలలేకపోయిన మంద గురించి అలా రాశాను. నెలకోసారి వచ్చే ఇన్‌చార్జి శాస్త్రవేత్త దాని మీద సంతకం చేశారు. ఆయనకు తెలియదు.

2001 వానాకాలంలో ఒకరోజు మౌలాలి ఏమీ చెప్పకుండా గుట్ట మీది ఆకు రెండు గోతాలు తెచ్చి షెడ్డులో పడేశాడు. “ఇది విడిగా పట్టి సూడు సార్” అన్నాడు. విడిగా పట్టాం. కాలువ ఆకు విడిగా పట్టాం. రెండు సీసాలు హైదరాబాదు పంపాను. కాలువ ఆకు నూనెలో పెద్ద శిఖరం సిట్రాల్. గుట్ట ఆకు నూనెలో పెద్ద శిఖరం కర్పూరం, సిట్రాల్ దాదాపు లేదు. ఒకే జాతి మొక్క, చూడటానికి తేడా లేదు, లోపలి రసాయనం వేరు. వీటిని రసాయన రకాలు అంటారు. తులసి జాతుల్లో ఇది వింత కాదు. సిట్రాల్ సూక్ష్మజీవులను చంపుతుంది, చర్మాన్నీ కాలుస్తుంది. కర్పూరం పురుగులను కదిలించి బయటికి రప్పిస్తుంది. పశువుల పుండ్లకు కర్పూరం వాడకం పశువైద్యంలోనూ ఉంది. దానికి కూడా ఘాటు తగ్గించే నూనె కావాలి. ఓబులమ్మ రాతి మీద చేసినది సరిగ్గా అదే. ఏ రకాన్ని ఎంచుకోవాలో, ఎంత పలుచన చేయాలో రెండూ ఆమె నాకు మొదటి రోజే చెప్పింది.

ఆ ఫలితం నా పేరు మీద వార్షిక నివేదికలో అచ్చయింది. సమాచారం ఇచ్చినవారు అన్న చోట ‘స్థానిక కాపరులు’ అని ఉంటుంది. మరుసటి ఏడాది అసెస్‌మెంట్‌లో నెగ్గాను. ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు ఈ ఆలోచన మీకు ఎలా వచ్చిందని అడిగారు. వాసనలో తేడా గమనించానని చెప్పాను.

2006 నాటికి నేను అనంతపురంలో పని చేస్తున్నాను. దసరా వెళ్లిన వారం, రాప్తాడు దగ్గర రోడ్డు మీద మందలు అడ్డం వచ్చి మా జీపు ఆగింది. ఉత్తరానికి పోయే జట్టు. రోడ్డు పక్క ఎండిన కుంటలో మందలను దించి అన్నాలకు కూర్చుంటున్నారు. జీవాల వెనక కర్ర పట్టుకుని వస్తున్నది ఓబులమ్మ. నేను దిగి పలకరించాను. గుర్తుపట్టింది. కదిరప్ప ముందు మందతో ఉన్నాడంది. పుండ్లకు మందు వేస్తున్నారా ఇంకా అని అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగిన మాట అది.

“ఎవరు రానిస్తారు సార్? ఓబులమ్మ సెయ్యి తగిల్తే జీవం కుంటిదైతాదని పేరొచ్చె. మేము కాసే జీవాలను కూడా నేను ముట్టుకునేది లే. ఇవి మావి కాదు గదా.”

అప్పుడు చెప్పాను. తప్పు నూనె ఇచ్చానని, కానుగ నూనె వద్దన్నది తప్పని, డాక్టరు అడిగినప్పుడు నేను చెప్పాల్సిందని. ఆమె ఎందుకు నా పేరు చెప్పలేదో కూడా అడిగాను. అది అడిగే హక్కు నాకు లేదని అప్పుడు తోచలేదు.

“నువ్వు నోరు తెరుస్తావేమోనని సూసినా. తెరవలేదు. మీ కంచె పక్కన మంద ఆపుకోవాల్నా వద్దా మేము? ఏదో ఒగటి చెప్పల్ల గదా.” కొంచెం ఆగి అంది. “ఇదంతా నాకెందుకు సార్ చెప్పేది? నాకు తెల్దా? ఆడ కూసున్నారు సూడు, వాళ్లకు చెప్పు.”

కుంట గట్టు మీద ఆరేడుగురు సంగటి ముద్దలు విప్పుకుంటున్నారు. ఆ గురువారం బీడులో ఉన్న నలుగురిలో ఇద్దరు వాళ్లలో ఉన్నారు. ముందు మందను దించి వచ్చిన కదిరప్ప కూడా ఉన్నాడు. నేను జీపు వైపు చూశాను. డ్రైవరు టైము చూపించాడు. అలా నిలబడిన కొద్ది క్షణాలు దాచడం ఇక్కడ అనవసరం. వెళ్లిపోదామని అనిపించింది. తర్వాత గట్టెక్కాను. ఓబులమ్మ నా వెనకే వచ్చింది.

ఎక్కువ మాట్లాడలేదు. ఆ ఏడు కదిరప్ప జీవాల కాళ్లు కాలింది మా ఆఫీసు నూనెతో, పూయించింది నేను, ఓబులమ్మ ముందే వద్దంది, ఆమె మందు అసలు వాడనేలేదు అని చెప్పాను. పశువుల డాక్టరు తిట్టిన తిట్లు నాకు తగలాల్సినవి అన్నాను. ఎవరూ తినడం ఆపలేదు. వాళ్లలో పెద్దవాడు లింగప్ప ముద్ద మింగి తలెత్తాడు.

“ఆరేండ్లాయె సార్. ఈ గట్టెక్కి చెప్పేదానికి అంత సేపు పట్టినాదా?”

పట్టిందన్నాను.

“నడి రోడ్డులో గొర్రెలు అడ్డం రాకపోతే ఇంగా పట్టుండు” అన్నాడు పక్కనతను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కదిరప్ప నవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా. తన ముద్ద తను తిన్నాడు. అతనికి నేను ఇవ్వగలిగింది ఆ గట్టు మీద ఏమీ లేదు. మంద మళ్లీ రాదు.

లింగప్ప చేయి కడుక్కుని లేచాడు. “ఓబులక్కా, మా నల్ల పొట్టేలు ఎనక కాలు రెండు దినాల నుంచీ ఎత్తుకుంటాండాది. సూద్దువు రా.”

“మీ సారు సీసా తెచ్చినాడేమో అడుగు ముందు” అంటూనే ఆమె గట్టు దిగి మంద వైపు నడిచింది. నడుముకున్న చిక్కం సంచిలోంచి ఏదో ఆకు తీసి, అలవాటుగా నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను నిలబడిన చోటికి కర్పూరం వాసన కొద్దిగా వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఆ నెలలోనే ప్రధాన కార్యాలయానికి ఒక సవరణ పంపాను. 2000 నాటి నివేదికలో నా వాక్యం తప్పని, జరిగినది ఇదని ఒకటిన్నర పేజీ. రసాయన రకాల తేడా మొదట గుర్తించింది ఫలానా ఓబులమ్మ అని పేరు రాశాను. నాకు ఒక మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, ఆ కాగితం నా సర్వీసు రికార్డులో ఉంది. వార్షిక నివేదిక పాత ప్రతుల్లో మాత్రం ఇప్పటికీ నా పేరే ఉంటుంది. అచ్చయినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదు.

తర్వాత నా కింద పనిచేసిన కుర్రవాళ్లకు సర్వేకు పంపేటప్పుడు మూడు విషయాలు చెప్పేవాణ్ని. మందు ఏదని అడిగిన తర్వాత, దాన్ని ఎలా చేస్తారో చూసేదాకా అక్కడి నుంచి లేవొద్దని. చెప్పినవాళ్ల పేరు రాయమని. మనకు అర్థం కాని మాట వస్తే అదే ముందు రాసుకోమని. ఒకడు అడిగాడు, ఫారంలో వాటికి గళ్లు లేవు కదా సార్ అని. నిజమే, ఐదు గళ్లే ఉండేవి. రిటైరై ఆఫీసు వదిలే ముందు పాత ఫైలు తీయించి 1999 నాటి నా ఫారం చూశాను. ముందు వైపు ఐదు గళ్లూ నిండి ఉన్నాయి. వెనక వైపు పేజీ మొత్తం తెల్లగా ఉంది.